వరిగడ్డి నుంచి ఇంధనం: ముడి పడుతున్నది ఎక్కడ?

నవంబరులో మా ఊరి ఆయకట్టులో హార్వెస్టర్ కోసి వెళ్లిన మడిలో రెండు రకాల గడ్డి కనబడుతుంది. మిషన్ వెనక నుంచి వరసగా పడిన వదులు గడ్డి ఒకటి. నేలకు మూరెడు ఎత్తున నిలబడి ఉన్న కొయ్యకాళ్లు రెండోది. మొన్నటి కోతల్లో మా బాబాయి వాటికి నిప్పు పెట్టబోతుంటే, "ఎందుకు బాబాయ్, దున్నించరాదా?" అని అడిగాను. "పది దినాల్ల నార్లు పొయ్యాలె బిడ్డా. ఈ గడ్డి ఎవడేరుతడు? కూలోళ్లు దొర్కరు. కట్టలు గట్టే మిషన్ వచ్చేసరికి అదును పోతది" అన్నాడు.

నష్టం ఆయనకు తెలియక కాదు. టన్ను వరిగడ్డిలో దాదాపు 25 కిలోల పొటాష్, 5 కిలోల పైన నత్రజని, 2 కిలోల పైన భాస్వరం ఉంటాయి. నిప్పు పెడితే నత్రజని దాదాపు మొత్తం పొగలో కలిసిపోతుంది. పొటాష్ చాలావరకు బూడిదలో మిగిలినా, నేలను గుల్లగా ఉంచే సేంద్రియ పదార్థం మాత్రం మిగలదు. ఎకరానికి రెండు టన్నులు వేసుకున్నా ఒక్కో మడిలో ఎంత కాలిపోతోందో లెక్క వేసుకోవచ్చు.

మరోపక్క పేపర్లలో 'గడ్డి నుంచి ఇంధనం' అనే వార్తలు ఇరవై ఏళ్లుగా చదువుతూనే ఉన్నాం. ఆ గడ్డి నుంచి ఇథనాల్ తీయొచ్చు, గ్యాస్ తీయొచ్చు. రెండూ ప్రయోగశాల దాటి ఫ్యాక్టరీల దాకా వచ్చాయి. అయినా మా మడిలో నిప్పు ఆగలేదు. దీనికి అందరూ చెప్పే కారణం టెక్నాలజీ ఖరీదైనదని. అది సగం నిజం. మిగతా సగం ఫ్యాక్టరీలో లేదు, కోత అయిన తర్వాతి మూడు నాలుగు వారాల్లో ఉంది.

ముందు ఫ్యాక్టరీ సంగతి చూద్దాం.

ఈత కల్లు పొద్దున దింపినప్పుడు తియ్యగా ఉంటుంది, ఎండ ముదిరేసరికి పులుస్తుంది. ఈస్ట్ అనే సూక్ష్మజీవి ఆ తీపిని తిని ఆల్కహాల్ చేస్తుంది. ఇథనాల్ అంటే ఆ ఆల్కహాలే. చెరకు రసంలో, చక్కెర మిల్లులో మిగిలే మొలాసిస్‌లో చక్కెర సిద్ధంగా ఉంటుంది కాబట్టి పని తేలిక. బియ్యం, మొక్కజొన్నల్లో ఉండేది పిండి. దాన్ని ముందు చక్కెరగా విడగొట్టాలి, అదీ పెద్ద కష్టం కాదు. అన్నం ముద్ద కాసేపు నమిలితే నోట్లోనే తియ్యబడుతుంది కదా, మన లాలాజలం చేసే పని అదే.

గడ్డి పరక ఎంతసేపు నమిలినా తియ్యబడదు. విచిత్రం ఏమిటంటే గడ్డిలోని సెల్యులోజ్ కూడా గ్లూకోజ్‌తో కట్టిందే. తేడా కట్టిన తీరులో ఉంది. పిండిలో గ్లూకోజ్ అణువులు తేలిగ్గా విడిపోయేలా అతుక్కుని ఉంటాయి. సెల్యులోజ్‌లో అవి పొడవాటి పోగులుగా, పక్కపక్కన బిగించి పేనిన తాడులా ఉంటాయి. ఆ పోగుల మధ్య హెమీసెల్యులోజ్ అనే మరో రకం చక్కెరల అల్లిక ఉంటుంది. దాని మీద లిగ్నిన్ అనే గట్టి పదార్థం సిమెంటులా పట్టేసి ఉంటుంది. చెట్టు నిటారుగా నిలబడేది, కట్టె గట్టిగా ఉండేది ఈ లిగ్నిన్ వల్లే. వరిగడ్డిలో సెల్యులోజ్ నూటికి 35 దాకా, హెమీసెల్యులోజ్ 20 నుంచి 25, లిగ్నిన్ 12 నుంచి 15 పాళ్లు ఉంటాయి. కాలిస్తే మిగిలే బూడిద 15 శాతం దాకా ఉంటుంది, అందులో ఎక్కువ భాగం సిలికా, అంటే ఇసుకలో ఉండే సరుకే. గడ్డి మోపు ఎత్తేటప్పుడు చేతులు కోసుకుపోయేది ఆ సిలికా వల్లే. గడ్డిని తరిగే మిషన్ బ్లేళ్లు తొందరగా అరిగిపోయేదీ, గడ్డిని నేరుగా బాయిలర్లో వేస్తే లోపల గాజు ముద్దల్లా గడ్డకట్టి మొరాయించేదీ అందుకే. పొటాష్, సిలికా కలిసి వేడికి కరిగిపోతాయి.

కాబట్టి గడ్డి నుంచి ఇథనాల్ తీయాలంటే ముందు ఈ సిమెంటు పగలగొట్టాలి. గడ్డిని తరిగి, కడిగి, పలచని యాసిడ్ కలిపి, బాగా వేడి ఆవిరితో ఒత్తిడిలో ఉడికిస్తారు. తర్వాత ఎంజైములు, అంటే సూక్ష్మజీవులు తమ తిండిని విడగొట్టుకోవడానికి తయారుచేసే పదార్థాలు వేసి సెల్యులోజ్‌ను గ్లూకోజ్‌గా విడగొడతారు. ఆ తర్వాతే ఈస్ట్ పని.

ఆ ఎంజైముల పుట్టుక కథ నాకు చాలా ఇష్టం. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ మహాసముద్రంలోని సోలమన్ దీవుల్లో అమెరికా సైన్యం వేసుకున్న కాటన్ గుడారాలను ఒక బూజు తినేసింది. నూలు అంటే దాదాపు స్వచ్ఛమైన సెల్యులోజ్. గుడ్డను తినగలిగిన బూజు గడ్డిలోని సెల్యులోజ్‌నూ తినగలదు. సైన్యం ప్రయోగశాలలో దాని మీద పనిచేసిన ఎల్విన్ రీస్ పేరు మీద దానికి ట్రైకోడెర్మా రీసై అని పేరు పెట్టారు. మన రైతులు విత్తనశుద్ధికి వాడే ట్రైకోడెర్మా విరిడి దీనికి దగ్గర చుట్టం. ఇవాళ ప్రపంచంలో గడ్డి ఇథనాల్‌కు వాడే ఎంజైముల్లో ఎక్కువ ఆ గుడారాల బూజు సంతతి నుంచి వచ్చినవే.

ఎంజైములు చవక కాదు. పైగా హెమీసెల్యులోజ్ నుంచి వచ్చే జైలోజ్ అనే చక్కెరను మామూలు ఈస్ట్ ముట్టదు, దానికి ప్రత్యేకంగా తయారుచేసిన ఈస్ట్ కావాలి. మిగిలిన లిగ్నిన్‌ను బాయిలర్లో వేసి ఆవిరికి వాడుకుంటారు.

మన దేశంలో ఈ దారిలో పెద్ద అడుగు హర్యానాలోని పానిపట్‌లో పడింది. ఇండియన్ ఆయిల్ 900 కోట్లకు పైగా ఖర్చుతో కట్టిన ప్లాంటును 2022 ఆగస్టు 10న ప్రారంభించారు. ఏడాదికి 2 లక్షల టన్నుల వరిగడ్డి తీసుకుని 3 కోట్ల లీటర్ల ఇథనాల్ తీయాలన్నది దాని లెక్క. అంటే టన్ను గడ్డికి 150 లీటర్లు. ఇథనాల్‌లో పెట్రోలు శక్తిలో మూడింట రెండు వంతులే ఉంటుంది కాబట్టి అది సుమారు 100 లీటర్ల పెట్రోలుకు సమానం. టన్ను బియ్యం నుంచి దాదాపు 450 లీటర్ల ఇథనాల్ వస్తుంది, ఉడికించడమూ తేలికే. అందుకే పెట్టుబడి పెట్టేవాడి చూపు గింజ వైపు పోతుంది. 2025 నాటికి దేశంలో పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలపగలుగుతున్నామంటే అది దాదాపు అంతా చెరకు, మొక్కజొన్న, బియ్యం చలవే. 2024-25లో ఎఫ్‌సీఐ గోదాముల్లోని బియ్యం 52 లక్షల టన్నులు ఇథనాల్‌కు కేటాయించారు.

గింజ ఇథనాల్‌నూ గడ్డి ఇథనాల్‌నూ కలిపేసి మాట్లాడడం వల్ల మన దగ్గర చాలా గందరగోళం ఉంది. నారాయణపేట జిల్లా చిత్తనూరులో, 2024 నవంబరులో నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో జనం రోడ్డెక్కింది ఇథనాల్ ఫ్యాక్టరీల మీదే. అవి గింజ నుంచి ఇథనాల్ చేసే రకం. నీళ్లు ఎక్కడి నుంచి తెస్తారు, మురుగు ఎక్కడ వదులుతారు అన్న ఆ ఊళ్ల ప్రశ్నలు న్యాయమైనవి. రేపు గడ్డి ప్లాంటు వచ్చినా ఊళ్లో వాళ్లు అవే అడగాలి. కానీ తిండిగింజను ఇంధనం చేయడం వేరు, కాలిపోయే గడ్డిని ఇంధనం చేయడం వేరు. 'పచ్చ ఇంధనం' అన్న ఒక్క మాట కింద రెంటికీ ఒకే మార్కులు వేస్తే దెబ్బతినేది గడ్డి పక్షమే.

గడ్డి ఇథనాల్ దారి ఎంత కష్టమో అమెరికాలో డ్యూపాంట్ అనే రసాయనాల కంపెనీ అనుభవం చూస్తే అర్థమవుతుంది. అయోవా రాష్ట్రంలో నెవాడా అనే ఊరి దగ్గర 20 కోట్ల డాలర్లకు పైగా పెట్టి మొక్కజొన్న చొప్ప నుంచి ఇథనాల్ తీసే ప్లాంటు కట్టారు. 2015 అక్టోబరులో తెరిచారు. ముప్పై మైళ్ల పరిధిలోని దాదాపు 500 మంది రైతుల దగ్గర ఏడాదికి 3,75,000 టన్నుల చొప్ప తీసుకోవాలన్నది ప్లాను. రెండేళ్లకే కంపెనీ ఆ వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. ఆ కాలంలోనే కాన్సాస్‌లో అబెంగోవా, ఇటలీలో బీటా రెన్యూవబుల్స్ కట్టిన ప్లాంట్లు కూడా మూతపడ్డాయి. ముడిచమురు ధర పడిపోవడం ఒక కారణం. ఈ రకం ప్లాంట్లన్నిటినీ పీడించే చిన్న కారణం మరొకటి ఉంది, అది మట్టి. పొలంలోంచి చుట్టుకుని వచ్చిన కట్టలో మట్టి, రాళ్లు ఉంటాయి. అవి మిషన్ నోట్లో అడ్డుపడతాయి, పైపులు అరగదీస్తాయి. ప్రయోగశాలలో గడ్డి శుభ్రంగా ఉంటుంది, పొలంలో ఉండదు.

ఆ అయోవా ప్లాంటును 2018లో జర్మనీకి చెందిన వెర్బియో కొన్నది. కొని, చొప్పతో ఇథనాల్ తీసే పని పక్కన పెట్టి గ్యాస్ తీయడానికి మార్చింది. అదే కంపెనీ పంజాబ్‌లోని సంగ్రూర్ జిల్లా లెహ్రాగాగాలో వరిగడ్డి నుంచి గ్యాస్ తీసే ప్లాంటు పెట్టింది, 2022 అక్టోబరులో దాన్ని ప్రారంభించారు. రోజుకు 300 టన్నుల గడ్డి వేస్తే 33 టన్నుల గ్యాస్ రావాలి. అంటే టన్నుకు 110 కిలోలు. ఈ గ్యాస్ కిలో దాదాపు లీటరున్నర పెట్రోలుతో సమానం. 110 కిలోలంటే సుమారు 165 లీటర్ల పెట్రోలు కిందికి వస్తుంది. ఇథనాల్ దారిలో అదే టన్నుకు 100. ఇవి ప్లాంట్లు కట్టేటప్పటి అంచనాలు, నడపడానికి లోపల ఖర్చయ్యే కరెంటు, ఆవిరి వీటిలో తీసేయలేదు. ఇథనాల్ ప్లాంటు తన లిగ్నిన్‌ను తానే కాల్చుకుంటుంది, గ్యాస్ ప్లాంటులో అది ఎరువులోకి పోతుంది. అయినా తేడా ఎటు మొగ్గుతుందో కనబడుతూనే ఉంది. వరిగడ్డి వరకూ నా ఓటు గ్యాస్‌కే.

కారణం గేదె. గడ్డి తిని అరిగించుకోగలిగింది గేదె కూడా కాదు, దాని కడుపులోని సూక్ష్మజీవులు. వాటికి యాసిడ్ అక్కర్లేదు, వేడి ఆవిరి అక్కర్లేదు, కొనుక్కొచ్చిన ఎంజైములు అక్కర్లేదు. గాలి తగలని చోట, నులివెచ్చగా, తడిగా ఉంటే చాలు, నెమ్మదిగా సెల్యులోజ్‌నూ హెమీసెల్యులోజ్‌నూ రెంటినీ తినేస్తాయి. మన ఊళ్లలో 1980ల్లో కట్టుకున్న గోబర్ గ్యాస్ గుంటలు చేసింది ఇదే. కొత్త ప్లాంట్లలోని డైజెస్టర్ ట్యాంకు కూడా ఒక పెద్ద గేదె కడుపే. లోపల తయారైన గ్యాస్‌లో సగానికి కాస్త పైన మీథేన్, మిగిలింది చాలావరకు కార్బన్ డయాక్సైడ్, కొంచెం కుళ్లిన కోడిగుడ్డు వాసన కొట్టే హైడ్రోజన్ సల్ఫైడ్. ఆ రెండూ తీసేసి, మిగిలిన మీథేన్‌ను గట్టి ఒత్తిడిలో సిలిండర్లలో నింపితే అదే సీబీజీ (కంప్రెస్డ్ బయోగ్యాస్). సీఎన్‌జీ ఆటోలో, బస్సులో మార్పు లేకుండా పోసుకోవచ్చు.

కాకపోతే గేదె కూడా ఉత్త వరిగడ్డి మీద పాలివ్వదు, తవుడో చెక్కో పెట్టాలి. డైజెస్టర్‌కూ అంతే. సూక్ష్మజీవులకు కర్బనం 25, 30 పాళ్లకు నత్రజని ఒక పాలు కావాలి. వరిగడ్డిలో ఒక పాలు నత్రజనికి కర్బనం 70, 80 పాళ్లు ఉంటుంది. ఉత్త గడ్డి వేస్తే ట్యాంకు నీరసపడుతుంది. పేడ కలిపితే సరిపోతుంది, కోళ్ల ఎరువు కలిపితే ఇంకా బాగుంటుంది. ఇక్కడ తెలుగు నేలకు మంచి వీలుంది. గోదావరి జిల్లాల్లోనూ హైదరాబాద్ చుట్టుపక్కలా కోళ్ల ఫారాలు, వరి మాగాణులు దగ్గర దగ్గరగానే ఉన్నాయి.

హైదరాబాద్ బోయినపల్లి కూరగాయల మార్కెట్‌లో ఈ పద్ధతి ఎంత చక్కగా నడవగలదో చూడొచ్చు. రోజుకు 10 టన్నుల దాకా కుళ్లిన టమాటాలు, క్యాబేజీ ఆకులు హైదరాబాద్‌లోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ శాస్త్రవేత్తలు రూపొందించిన రియాక్టర్లోకి పోతాయి. దాంతో 500 యూనిట్ల దాకా కరెంటు, మార్కెట్ క్యాంటీన్‌కు 30 కిలోల గ్యాస్ తీయగలిగారు. 2021 జనవరిలో ప్రధాని మన్ కీ బాత్‌లో దీని గురించి చెప్పడంతో దేశమంతా తెలిసింది. అక్కడ పని సాఫీగా సాగడానికి పెద్ద కారణం, సరుకు రోజూ వస్తుంది, దానంతట అదే ప్లాంటు గుమ్మం ముందుకు వస్తుంది. ఎవరూ ఏరుకురానక్కర్లేదు.

వరిగడ్డికి ఆ భాగ్యం లేదు. అసలు ముడి ఇక్కడ పడుతుంది.

లెహ్రాగాగా అంత ప్లాంటు ఏడాది నడవాలంటే లక్ష టన్నుల గడ్డి కావాలి. ఎకరానికి రెండు టన్నులు దొరికినా 50 వేల ఎకరాలు. హార్వెస్టర్ కోతలో సగం గడ్డి కొయ్యకాళ్లుగా నిలబడిపోతే ఇంకా ఎక్కువ. ఆ 50 వేల ఎకరాల గడ్డీ ఒక్క సీజన్లో, మూడు నాలుగు వారాల్లో ఏరాలి. ఏరిన దాన్ని ఏడాదంతా తడవకుండా, అంటుకోకుండా దాచాలి. తేమ ఐదో వంతు దాటిన కట్ట లోపల వేడెక్కి బూజు పడుతుంది. ఒక నిప్పురవ్వ పడితే వాముల వరసంతా పోతుంది.

ఇక మోత. వదులు గడ్డి ఘనమీటరుకు 50 కిలోల చుట్టుపక్కలే తూగుతుంది. బేలర్‌తో చుట్టలు చుడితే రెట్టింపు, మహా అయితే మూడు రెట్లు. రోడ్డు మీద గడ్డి లారీని చూడండి, రెండు పక్కలా బయటికొచ్చి ఇల్లు కదిలొస్తున్నట్టు ఉంటుంది. అంత కనబడినా అది మోయగలిగిన బరువులో సగం కూడా ఉండదు. డీజిల్ కాల్చి గాలిని మోస్తున్నట్టే. దూరం పెరిగేకొద్దీ గడ్డిలోని ఇంధనం దారిలోనే ఖర్చయిపోతుంది. అందుకే ఒక పెద్ద ప్లాంటు కంటే మండలానికి ఒకటి చొప్పున చిన్న ప్లాంట్లు ఉంటేనే లెక్క కుదురుతుందని నా నమ్మకం. ఇథనాల్ ప్లాంటు చిన్నదిగా కడితే గిట్టదు, గ్యాస్ ప్లాంటు గిట్టుతుంది. నా ఓటు గ్యాస్‌కు వేయడానికి రెండో కారణం ఇది.

ఊరూరికీ పరిస్థితి మారుతుంది కూడా. తెలంగాణలో వానాకాలం, యాసంగి రెండు కోతలూ ఉన్న ఆయకట్టులో గడ్డి ఏడాదికి రెండుసార్లు దొరుకుతుంది, ఏడాది సరుకు ఒక్కసారే దాచే బాధ సగం తగ్గుతుంది. యాసంగి గడ్డి ఎండకు బాగా ఆరుతుంది కూడా, అకాల వాన పడకపోతే. కృష్ణా డెల్టాలో సంగతి వేరు. అక్కడ సార్వా వరి కోతకు రెండు మూడు రోజుల ముందే నిలబడిన చేలో మినుము చల్లుతారు. మొలకెత్తుతున్న మినుము మీదికి బేలర్ ట్రాక్టరును ఏ రైతూ దించడు. పైగా అక్కడి గడ్డి వ్యర్థం కాదు, మేత లేని మెట్ట ప్రాంతాలకు లారీల్లో అమ్ముడుపోయే సరుకు. వరి ఎకరాల్ని ఎకరాకు ఇన్ని టన్నులతో హెచ్చించి 'రాష్ట్రంలో ఇంత గడ్డి అందుబాటులో ఉంది' అని రాసే రిపోర్టుల్లో ఈ మినుము కనబడదు, ఈ పశువులు కనబడవు.

'వ్యర్థం' అన్న మాటతో మరో చిక్కుంది. ఎవరికీ అక్కర్లేనంత వరకే అది వ్యర్థం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఊక, సర్కారు తుమ్మ కాల్చి కరెంటు తీసే చిన్న ప్లాంట్లు చాలా పెట్టారు. మిల్లుల వెనక గుట్టలుగా పడి ఉన్న ఊకకు వాటితో గిరాకీ వచ్చింది. ఇటుక బట్టీలు, మిల్లుల బాయిలర్లు కూడా దానికోసమే పోటీపడ్డాయి. ధర పెరిగేసరికి చాలా ప్లాంట్లు ఆగిపోయాయి. ఊకకు ధర రావడం తప్పు కాదు. అది ఎప్పటికీ ఉత్తపుణ్యానికి దొరుకుతుందని వేసిన లెక్కే తప్పు. ఇవాళ మా ఊళ్లో గడ్డి చుట్టించుకున్న వాడే తీసుకెళ్తాడు, రైతుకు మడి ఖాళీ అయిందన్న తృప్తి తప్ప చేతికి ఏమీ రాదు. ప్లాంటు కట్టేవాళ్లు మొదటి రోజు నుంచే గడ్డికి ధర లెక్కలో వేసుకోవాలి, అదీ ముందే ఒప్పందం రాసి.

ప్రభుత్వం వైపు నుంచి కదలిక ఉంది. 2018 అక్టోబరు 1న మొదలైన సతత్ పథకం 5,000 సీబీజీ ప్లాంట్ల లక్ష్యం పెట్టుకుంది, కిలోకు 46 రూపాయల హామీ ధరతో. దాని దరిదాపుల్లోకి కూడా రాలేదు. ఇప్పుడు నగరాల గ్యాస్ కంపెనీలు సీబీజీ కలపడం తప్పనిసరి చేశారు, 2025-26లో 1 శాతం, 2028-29 నాటికి 5 శాతం. గిరాకీ ఖాయమైతే కట్టేవాళ్లు వస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో రిలయన్స్ 65 వేల కోట్లతో 500 ప్లాంట్లు కడతామని ఒప్పందం చేసుకుంది, 2025 ఏప్రిల్ 2న ప్రకాశం జిల్లా దివాకరపల్లిలో మొదటి దానికి శంకుస్థాపన జరిగింది. అక్కడ ముడిసరుకు బంజరు భూముల్లో పెంచే నేపియర్ గడ్డి. అది మంచి మేత గడ్డి, ఏడాదంతా కోతకు వస్తుంది, సేకరణ బాధ తప్పుతుంది. కానీ అది పంట. దానికి నీళ్లు కావాలి. ప్రకాశం లాంటి కరువు జిల్లాలో ఆ లెక్క విడిగా చూడాలి. దాన్ని వ్యవసాయ వ్యర్థాల ఖాతాలో వేయకూడదు.

గ్యాస్ తీసేశాక ట్యాంకులో మిగిలేదాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు, నాకైతే అదే ముఖ్యం. గ్యాస్‌లోకి ప్రధానంగా పోయేది కర్బనం, హైడ్రోజన్, ఆక్సిజన్. గడ్డిలోని పొటాష్, భాస్వరం, నత్రజని దాదాపు మొత్తం స్లర్రీలోనే, అంటే ట్యాంకులో మిగిలే ఆ చిక్కటి ఎరువులోనే ఉంటాయి. మన దేశం పొటాష్ ఎరువు దాదాపు అంతా బయటి నుంచి కొంటోంది. టన్ను గడ్డికి 25 కిలోల చొప్పున ఊరు దాటి వెళ్లిన పొటాష్ తిరిగి ఆ మడికి రాకపోతే, గడ్డి అమ్మిన రైతు అయిదారేళ్లలో ఆ డబ్బు ఎరువుల కొట్టులో కట్టాల్సి వస్తుంది. ఈ ఎరువు అమ్మకానికి కేంద్రం 2023లో టన్నుకు 1,500 రూపాయల సాయం ప్రకటించింది. దానికంటే సూటి పద్ధతి ఒకటుంది. గడ్డి దించిన ట్రాక్టర్ ఖాళీగా తిరిగి వెళ్తుంది, అందులో ఇచ్చిన గడ్డి లెక్కన ఎరువు నింపి పంపడం. ప్లాంటు పది పదిహేను కిలోమీటర్ల లోపు ఉంటేనే అది సాధ్యం.

ఇదంతా బాబాయికి చెప్పాను. ధర ఎంతిస్తారని ముందు అడుగుతాడనుకున్నాను. "మిషన్ ఏ దినం వస్తదో ముందుగాల్నే చెప్తరా?" అని అడిగాడు. మా మండలంలో ఆ తేదీ చెప్పగలిగిన వాళ్లు ఇంకా ఎవరూ లేరు. యాసంగి కోతలు ఏప్రిల్‌లో మొదలవుతాయి.